బొగ్గు పన్ను – ఇస్త్రీ పెట్టె

గత సంచికలో ఇంటి మీటరును గురించి నేను వ్రాసిన వ్యాసము చదివి ఉత్తరాలు వ్రాసిన సోదర ఉద్యోగులకు, వారికంటే ఎక్కువ ఉత్తరాలు వ్రాసిన గృహిణులకు కృతజ్ఞతలు. ఈసారి నీటి మోటారు పంపులను గురించి వ్రాస్తానని మాట ఇచ్చి ఉన్నాను. ఆ మాట తప్పుతున్నందుకు మన్నించవలెను. అందుకు కారణం మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకొని ఉన్న ఒక పెద్దాయన.

మేము ఉండేది ఖిదిర్‌పూర్‌లో. కలకత్తా ఎరుగని పాఠకుల కోసం రెండు మాటలు. ఇక్కడి డాకు 1892లో ప్రారంభమైనది. రాణీగంజ్ గనుల బొగ్గు రైలెక్కి వచ్చి ఇక్కడ ఓడ ఎక్కేది. ప్రక్కనే గార్డెన్‌రీచ్‌లో ఒకనాటి బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నది. నేటి ఆగ్నేయ రైల్వేకు కూడా అదే కేంద్రం. ఆ రైలు పట్టాలను, ఈ డాకును నమ్ముకొని శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి మనవారు తరాల క్రిందటనే వచ్చి స్థిరపడ్డారు. మా నాన్నగారు అట్లా వచ్చినవారే. మా అమ్మ డాబా మీద ఆరవేసిన చీరలను దులపకుండా లోపలికి తెచ్చేది కాదు. దులిపితే సన్నని నల్లని పొడి రాలేది. సాయంత్రం కాగానే లోడ్‌షెడ్డింగు. బొగ్గు ఊరంతా ఉన్నా దీపం మాత్రం ఉండేది కాదు. లాంతరు వెలుగులో లెక్కలు చేసుకుంటూ, పెద్దయితే ఈ విద్యుత్తు సంగతి ఏదో తేల్చాలని అనుకునేవాణ్ణి. తేల్చినదేమీ లేదు గాని ఉద్యోగం మాత్రం దానిలోనే దొరికింది.

ఆ ఇస్త్రీ పెద్దాయన మా నాన్నగారి జిల్లావాడే. నేను బాబాయీ అని పిలుస్తాను. నలభై ఏళ్ళు బొగ్గుల పెట్టెతోనే ఇస్త్రీ చేసి, మణికట్టు పట్టేసిన తరువాత కొడుకు బలవంతం మీద కరెంటు పెట్టెకు మారాడు. కొంతకాలం క్రిందట ఒక ఉదయం నా చొక్కాలు చేతికిస్తూ అడిగాడు.

"బాబూ, బొగ్గు మీద సెస్సు ఎత్తేసినారట గదా. మరి నా బిల్లు తగ్గుతాదేటి?"

"లెక్క వేసి చెప్తాను బాబాయీ" అన్నాను. తెలియని ప్రశ్నకు ఇంజనీరు చెప్పే సమాధానం సాధారణంగా అదే. కాని ఈ లెక్క వేయడం మొదలుపెట్టాక, నేను ఇదే శీర్షికలో పూర్వం వ్రాసిన ఒక మాటను సరిదిద్దుకోవలసి వచ్చింది. అందుకే పంపులు వెనుకబడ్డాయి.

ముందు ఆ సెస్సు పుట్టుపూర్వోత్తరాలు. పొగ వదిలేవాడు దాని నష్టాన్ని ఊరి మీదికి నెట్టి లాభం తాను తీసుకుంటున్నాడు గనుక, ఆ నష్టానికి సమానమైన పన్ను వేయవలెనని కేంబ్రిడ్జి ఆర్థికవేత్త పిగూ 1920లోనే వాదించాడు. ఆ వాదాన్ని బొగ్గుపులుసు వాయువుకు అన్వయించి ఫిన్లాండు 1990లోను, స్వీడను 1991లోను కర్బన పన్ను విధించాయి. మన దేశంలో ఆ పేరుతో పన్ను లేదు. అయితే 2010 జూలై నుంచి టన్ను బొగ్గుకు 50 రూపాయల వంతున స్వచ్ఛ ఇంధన సెస్సు వసూలైంది. అది 2014లో 100, 2015లో 200, 2016లో 400 రూపాయలు అయింది. వచ్చిన సొమ్ము గాలి, సూర్యరశ్మి వంటి స్వచ్ఛ ఇంధనాల నిధికి పోతుందని చెప్పారు.

400 రూపాయలు అయిన ఆ సంవత్సరం నేను ఇక్కడ ఒక వ్యాసం వ్రాశాను. ఈ పన్ను వల్ల పొగ ఎక్కువ వదిలే కేంద్రాలు వెనుకకు పోతాయనీ, వసూలైన ప్రతి రూపాయి కొత్త ఇంధనానికి విత్తనమవుతుందనీ ధీమాగా వ్రాశాను. ఆ రెండు మాటలూ తప్పినవి.

రెండవది ముందు చెప్తాను, అది చిన్నది. 2010–11 నుంచి 2017–18 వరకు ఈ సెస్సు క్రింద వసూలైనది 86 వేల కోట్ల రూపాయల పైచిలుకు. నిధికి చేరినది 29 వేల కోట్ల పైచిలుకు. ప్రాజెక్టులకు అందినది 16 వేల కోట్లకు లోపు. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఈ 400 రూపాయలు రాష్ట్రాలకు నష్టపరిహారమిచ్చే సెస్సుగా మారిపోయాయి. విత్తనాలలో చాలా భాగం గాదెలోనే ఉండి, చివరకు వేరే ఇంటి వంటకు పోయినవన్నమాట.

మొదటి తప్పు లెక్కలో ఉన్నది, కనుక కొంచెం ఓపిక పట్టవలెను. ఇంట్లో గ్యాసు పొయ్యి, కిరోసిన్ స్టవ్వు, కుంపటి మూడూ ఉన్నాయనుకోండి. ఏది చౌకగా వండితే ఇల్లాలు దానినే ముందు వెలిగిస్తుంది. చుట్టాలు వస్తే రెండవది. పెళ్ళి వస్తేనే మూడవది. విద్యుత్తు గ్రిడ్డును నడిపేవారూ అంతే. ఏ కేంద్రానికి ఇంధన ఖర్చు తక్కువో దానిని ముందు పిలుస్తారు. దీనిని మెరిట్ ఆర్డర్ అంటారు. పెద్ద సంస్థలలో వేల సమీకరణాలతో కంప్యూటరులు చేసే నమూనాలకు కూడా పునాది ఈ వంటింటి న్యాయమే.

మా అమ్మాయి పాత నోటు పుస్తకంలో నేనూ ఒక చిన్న నమూనా కట్టాను. ఈ అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే. మీరు మీ అంకెలు వేసుకోవచ్చు. గని ప్రక్కనే ఉన్న పాత బొగ్గు కేంద్రానికి యూనిట్‌కు ఇంధన ఖర్చు 1 రూపాయి 80 పైసలు, వదిలే బొగ్గుపులుసు వాయువు 1.05 కిలోలు. రైలు కిరాయి చెల్లించి బొగ్గు తెప్పించుకునే దూరపు కేంద్రం కొంచెం మెరుగైనది: 3 రూపాయల 60 పైసలు, 0.95 కిలో. గ్యాసు కేంద్రం: 8 రూపాయల 40 పైసలు, 0.45 కిలో.

ఇప్పుడు పన్ను వేద్దాం. మన దేశపు బొగ్గు టన్ను కాలిస్తే సుమారు ఒకటిన్నర టన్నుల బొగ్గుపులుసు వాయువు వస్తుంది (బొగ్గులోని కర్బనం గాలిలోని ప్రాణవాయువును కలుపుకుంటుంది గనుక బరువు పెరుగుతుంది). కాబట్టి టన్ను బొగ్గుకు 400 రూపాయలంటే టన్ను వాయువుకు 267 రూపాయలు. దూరపు బొగ్గు కేంద్రానికి యూనిట్‌కు 25 పైసలు పెరిగింది. 3.60 కాస్తా 3.85 అయింది. గ్యాసు ఇంకా 8.40 పైనే ఉన్నది. వరుస కదలలేదు.

ఎంత పన్ను వేస్తే కదులుతుంది? ఖర్చులో తేడా 4 రూపాయల 80 పైసలు, వాయువులో తేడా అర కిలో. భాగిస్తే కిలోకు 9 రూపాయల 60 పైసలు, అనగా టన్నుకు 9,600 రూపాయలు. మనం వేసిన దానికి ముప్పై ఆరు రెట్లు! పాత గని కేంద్రాన్ని తప్పించి దూరపు మెరుగైన కేంద్రాన్ని ముందుకు తేవలెనన్నా టన్నుకు 18,000 రూపాయలు కావలెను, ఎందుకంటే ఆ రెండింటి మధ్య ఉన్న తేడా పొగది కాదు, రైలు కిరాయిది. నేను 2016లో ఈ భాగహారం చేయకుండానే వ్యాసం వ్రాశాను. పన్ను వేస్తే మనుషులు మారతారన్న సిద్ధాంతాన్ని నమ్మాను; ఎంత వేస్తే అన్న ప్రశ్న అడగలేదు.

మరి బ్రిటనులో పన్ను పని చేసిందే అని అడుగవచ్చు. నిజమే. 2012లో అక్కడి విద్యుత్తులో దాదాపు నలభై శాతం బొగ్గుదే. 2013 నుంచి ఐరోపా కర్బన ధరపై అదనంగా తమ సొంత పన్ను కూడా వేశారు. అది టన్నుకు 18 పౌన్ల దాకా పోయింది. 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు కేంద్రం మూతబడింది. కాని అక్కడ బొగ్గుకు, గ్యాసుకు మధ్య ధరలో తేడా స్వల్పం, సముద్రంలో సొంత గ్యాసు ఉన్నది, సముద్రపు గాలిమరలు వస్తున్నవి. ఒరిగి ఉన్న గోడను వ్రేలితో తోసినట్లు అయింది. ఆస్ట్రేలియాలో 2012 జూలైలో టన్నుకు 23 డాలర్ల వంతున పన్ను వేసి, ఎన్నికలలో ప్రభుత్వం మారగానే 2014 జూలైలో ఎత్తివేశారు. ఇరవై ఐదేళ్ళు నడవవలసిన కేంద్రానికి పెట్టుబడి పెట్టేవాడు రెండేళ్ళ పన్నును చూసి ఏమి నిర్ణయించగలడు?

మన సెస్సుకు ఇంకొక వికారం ఉండేది. అది వేడి మీద కాక బరువు మీద వేసిన పన్ను. యూనిట్‌కు 2,400 కిలోకేలరీలు కావాలనుకుందాం. కిలోకు 3,400 కిలోకేలరీల మన సామాన్య బొగ్గు అయితే 28 పైసల సెస్సు. 5,100 కిలోకేలరీల దిగుమతి బొగ్గు అయితే 19 పైసలే. వాయువు మాత్రం రెండింటికీ ఇంచుమించు సమానం. అనగా బూడిదకు కూడా మనం పన్ను కట్టాము.

2025 సెప్టెంబరు 22 నుంచి ఆ సెస్సు పోయి, బొగ్గు మీద జి.ఎస్.టి. 5 నుంచి 18 శాతానికి పెరిగింది. బాబాయి విన్న వార్త ఇదే. టన్ను 1,500 రూపాయల బొగ్గుకు పూర్వం 75, 400 కలిసి 475 రూపాయలు, ఇప్పుడు 270. అనగా 205 తగ్గింది. 6,000 రూపాయల ఖరీదైన బొగ్గుకు పూర్వం 700, ఇప్పుడు 1,080. బూడిద బొగ్గుకు జరిగిన అన్యాయం పోయింది, దేశీయ బొగ్గుకు మేలు జరిగింది, సంతోషమే. కాని ఇప్పుడు పన్ను బరువునూ చూడదు, పొగనూ చూడదు, ధరనే చూస్తుంది. కర్బన పన్ను వంటిదని చెప్పుకోగలిగినది ఒకటి ఉండేది. అది లేకుండా పోయింది. దాని స్థానంలో పరిశ్రమలకు కర్బన క్రెడిట్ల వ్యాపారం మొదలవుతున్నది. 2025లో సిమెంటు, అల్యూమినియం వంటి పరిశ్రమలకు లక్ష్యాలు ప్రకటించారు. అవి సరుకు టన్నుకు ఇంత వాయువు అని పెట్టిన హద్దులే గాని మొత్తం మీద హద్దులు కావు. విద్యుత్ కేంద్రాలకు అందులో ఇంకా చోటు లేదు. ఇటు ఐరోపా వారు 2026 జనవరి నుంచి తమ రేవులకు వచ్చే ఉక్కు, సిమెంటు, అల్యూమినియం మీద కర్బన సుంకం లెక్కగట్టడం మొదలుపెట్టారు. మనం మన ఇంట్లో వసూలు చేయని పన్నును వారు వారి గుమ్మంలో వసూలు చేస్తారన్నమాట.

ఇక అణువిద్యుత్తు. పొగ లేని విద్యుత్తు రాత్రింబవళ్ళు కావలెనంటే అందరూ దీనివైపే చూస్తున్నారు. మన దేశపు విద్యుత్తులో దీని వంతు మూడు శాతం ప్రాంతమే. 2047 నాటికి లక్ష మెగావాట్లు అన్నది 2025 బడ్జెట్టులో ప్రకటించిన లక్ష్యం. ఆ సంవత్సరం డిసెంబరులోనే పార్లమెంటు శాంతి చట్టాన్ని ఆమోదించి, 1962, 2010 నాటి పాత చట్టాలను తొలగించి, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. విచిత్రమేమిటంటే మేఘనాథ్ సాహా గారు దామోదర్ లోయ పథకానికి ఆలోచన ఇచ్చిన ఊరు, 1950లో అణు భౌతికశాస్త్ర సంస్థను ప్రారంభించిన ఊరు ఈ కలకత్తాయే. అయినా తూర్పు భారతంలో ఇప్పటికీ ఒక్క అణువిద్యుత్ కేంద్రం లేదు. మేదినీపూర్ తీరాన హరిపూర్‌లో తలపెట్టిన దానిని 2011లో రాష్ట్ర ప్రభుత్వం వద్దన్నది.

నమూనాలో అణు కేంద్రం ప్రవర్తన బొగ్గుకు పూర్తిగా విరుద్ధం. ఇంధన ఖర్చు స్వల్పం, కనుక మెరిట్ ఆర్డర్‌లో ఎప్పుడూ ముందు వరుసలోనే నిలబడుతుంది. కష్టమంతా కట్టడంలో ఉన్నది. 2017లో ప్రభుత్వం పది 700 మెగావాట్ల రియాక్టర్లను 1,05,000 కోట్ల రూపాయల అంచనాతో మంజూరు చేసింది. అనగా మెగావాటుకు 15 కోట్లు. ఎనభై శాతం కాలం నడిస్తే మెగావాటు సంవత్సరానికి 70 లక్షల యూనిట్లు ఇస్తుంది. 8 శాతం వడ్డీ అయితే 1 కోటి 20 లక్షలు, యూనిట్‌కు 1 రూపాయి 71 పైసలు. 12 శాతం అయితే 1 కోటి 80 లక్షలు, 2 రూపాయల 57 పైసలు. తేడా 86 పైసలు.

ఈ 86 పైసల దగ్గర నేను పెన్సిలు క్రింద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. బొగ్గు యూనిట్ మీద 86 పైసలు పడవలెనంటే టన్ను వాయువుకు 900 రూపాయల పన్ను వేయవలెను; మన పాత సెస్సుకు మూడు రెట్లకు పైన. అంటే వడ్డీ నాలుగు శాతం అటూ ఇటూ అయితే పార్లమెంటులో ఎంతో చర్చించి వేసే కర్బన పన్ను ప్రభావం కొట్టుకుపోతుంది. అణు విధానమంటే యురేనియం, రియాక్టరు అనుకుంటాము. లెక్కలో అది ప్రధానంగా వడ్డీ, కాలం. కూడంకుళం మొదటి యూనిట్ నిర్మాణం 2002లో ప్రారంభమై వాణిజ్య ఉత్పత్తి 2014 డిసెంబరు 31న మొదలైంది. ఆ పన్నెండేళ్ళూ వడ్డీకి సెలవు లేదు. ఇటువంటి లెక్కలను బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో అమూల్య రెడ్డి గారు 1990 ప్రాంతంలోనే జనం ముందు పెట్టారు. అసలు మనకు ఎంత విద్యుత్తు కావలెనో, దేనికి కావలెనో ముందు అడగవలెనని ఆయన పట్టుదల. అప్పట్లో నేను విద్యార్థిని. ఆయన అభివృద్ధి నిరోధకుడని స్నేహితులతో వాదించాను. ఇప్పుడు వాదించను.

అట్లని ఉన్న కేంద్రాలను మూయడం వేరు సంగతి. కట్టిన ఖర్చు ఎట్లాగూ పోయింది, ఇంధనం చౌక, పొగ లేదు. జర్మనీ ఫుకుషిమా తరువాత 2011లో ఎనిమిది రియాక్టర్లను ఒక్కసారి ఆపి, చివరి మూడింటిని 2023 ఏప్రిల్ 15న మూసింది. బొగ్గు కేంద్రాలు మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాయి. నా నోటు పుస్తకం లెక్కలో ఆ వరుస తలక్రిందులు. వారికి భయాలున్నవి, నేను కాదనను. అయితే భయానికి కూడా ధర ఉన్నదని అక్కడి బిల్లులు చూసినవారికి తెలుసు.

మరునాడు ఉదయం నోటు పుస్తకం పట్టుకొని బాబాయి బండి దగ్గరకు వెళ్ళాను. వెయ్యి వాట్ల పెట్టె, రోజుకు ఐదు గంటలు, నెలకు ఇరవై ఐదు రోజులు: 125 యూనిట్లు. టన్నుకు 205 రూపాయలు తగ్గితే, యూనిట్‌కు 700 గ్రాముల బొగ్గు చొప్పున 14 పైసలు. మొత్తం మేలు బిల్లుదాకా చేరినా, దారిలో పోయే విద్యుత్తును కలుపుకొన్నా, నెలకు ఇరవై రూపాయల ప్రాంతం. అదీ కంపెనీవారి పాత బాకీలు, స్థిర ఛార్జీలు, నియంత్రణ మండలి తీర్పులు దాటుకొని రావలెను.

"రెండు చొక్కాల కూలి" అన్నాడు బాబాయి, నవ్వి. ఆయన భాగహారం నాకంటే వేగం.

తరువాత పెట్టెను నిలబెట్టి ఇంకొక సంగతి అడిగాడు. ఆయన బావమరిది కుటుంబం రణస్థలం దగ్గర సముద్రపు ఒడ్డున ఉంటుంది. అక్కడ కొవ్వాడలో అణు కేంద్రం మాట పుట్టి ఏళ్ళు గడిచినవి. 1,208 మెగావాట్లవి ఆరు రియాక్టర్లు, అమెరికా రకం. అదే రకం రియాక్టర్లు రెండు జార్జియా రాష్ట్రంలో కట్టేసరికి అంచనా రెట్టింపు దాటింది. వాటిని తయారుచేసే కంపెనీ 2017లో దివాలా రక్షణ కోరి, తరువాత మళ్ళీ నిలబడింది. ఇదంతా నేను ఆయనకు చెప్పాను. ఆయన విన్నాడు గాని ఆయన ప్రశ్న అది కాదు.

"వస్తాదా రాదా బాబూ? వస్తాదంటే పిల్లకి పెళ్ళి చేసి ఎలిపోతారు. రాదంటే ఇంటికి పైకప్పు ఏసుకుంటారు. ఇన్నేళ్ళ బట్టీ రెండూ నేవు."

నా పుస్తకంలో వడ్డీకి గడి ఉన్నది, వాయువుకు గడి ఉన్నది, రైలు కిరాయికి ఉన్నది. వేయని పైకప్పుకు లేదు. ఆ కాలమంతా నిర్మాణం మొదలు కాని కాలం గనుక ఏ నమూనాలోనూ అది ఖర్చుగా కనపడదు. వడ్డీ కూడా అప్పటికి పుట్టదు. "తెలియదు బాబాయీ" అన్నాను. ఈసారి లెక్క వేసి చెప్తాననలేదు.

2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో కలిసిన నాటి నుంచి దేశమంతా ఒకే తీగ. కొవ్వాడలో ఏనాడైనా విద్యుత్తు పుడితే దానిలో కొంత ఖిదిర్‌పూర్ వీధి మలుపులోని ఇస్త్రీ పెట్టెకు చేరకపోదు. ఆ మాట చెప్పుదామని నోటిదాకా వచ్చింది. అప్పటికే ఆయన నా చొక్కాలు మడత పెట్టి, నీళ్ళు చిలకరించి, ఎదురింటివారి దుప్పటి అందుకున్నాడు.

నీటి మోటారు పంపుల సంగతి తప్పక వచ్చే సంచికలో. ఆ లోపల మీ ఇంటి పంపు మీద ఉన్న రేకు చూసి, హార్సుపవరు ఎంతో వ్రాసి పంపితే, ఉదాహరణలు ఊహించవలసిన శ్రమ నాకు తప్పుతుంది.